నవ్వుల కొలువు

గత మాసమున దేవరకొండ ప్రాంతపు యువకుడొకడు మా కచేరి గదికి వచ్చి బల్ల కెదురుగా చాలసేపు నిలుచుండెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. హైదరాబాదులో ఒక హోటలున రెండు సంవత్సరముల మూడు మాసములు సర్వరుగా పనిచేసినాడట. ఒకనాటి రాత్రి రద్దీలో చేతిలోని పళ్లెము జారి ఆరు గాజుగ్లాసులును ఒక పింగాణి గిన్నెయు పగిలినవి. యజమాని అప్పటికప్పుడే వానిని పొమ్మని చెప్పి, నిలిచియున్న రెండు మాసముల జీతమును పగిలిన సామానుక్రింద జమకట్టుకొనెను. నియామకపత్రము కలదా యని యడిగితిమి. లేదు. జీతపు చీటి కలదా? లేదు. హాజరుపట్టికలో సంతకమో? అట్టి పట్టిక యొకటి యున్నట్లే వా డెరుగడు. ఇంతకాలము ఒక్క కాగితమైనను అడుగక ఎట్లుంటివని మందలించినట్లు ప్రశ్నించితిమి. వాడు చెప్పిన సమాధానము నెట్లున్నది అట్లే వ్రాయుచున్నాము.

“నన్ను తమ్మీ అని పిలుస్తుండె సార్. తమ్మునికి ఎవరన్న కాయిదం రాసిస్తరా?”

హోటలుపని ఎట్లుండునని తలచి పోయితివని మాటవరుసకు మరల అడిగితిమి. “అమృతం సీరియల్ల సర్వం లెక్క ఉంటదనుకున్న సార్” అని తలవంచి నవ్వెను. రెండు మాసముల జీతము పోయినవాడు నవ్వవలసిన సమయము కాదది. ఆ నవ్వే ఈ నాలుగు మాటలు వ్రాయుటకు మమ్ము పురికొల్పినది.

“అమృతం” ధారావాహికను ఎరుగనివారు మన పాఠకులలో అరుదు. గుణ్ణం గంగరాజుగారి సృష్టి యగు ఈ హాస్యనాటిక 2001 నవంబరు 18న జెమిని టెలివిజనులో ఆరంభమై, వారమువారము ఆరేండ్లు నడచి, 313 భాగములతో 2007 నవంబరున ముగిసెను. కథ యంతయు ఒక కొలువు చుట్టును తిరుగును. అమృతవిలాస్ అను చిన్న హోటలు. దానికి అమృతరావు, ఆంజనేయులు అను ఇరువురు భాగస్వాములు. సర్వము అను పేరుగల సర్వరు. పైన ఇంటి యజమాని అప్పాజీ. ఎదుట పోటీకి అంబుజవిలాస్. శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరితరువాత ఒకరు అమృతరావు వేషము ధరించిరి. గుండు హనుమంతరావుగారి ఆంజనేయులు మాత్రము ఆంజనేయులుగనే నిలిచెను. ఆయన 2018లో గతించినపుడు సొంత చుట్టమును పోగొట్టుకొన్నట్లు దుఃఖించినవారిని మే మెరుగుదుము. బూతు లేక, వెకిలితనము లేక, ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడదగిన ఇట్టి నాటిక మన భాషలో మరల రాలేదని చెప్పుటకు మాకు సంకోచము లేదు. అది చెడ్డ నాటిక యైనచో మే మింత వ్రాయవలసిన పని లేకుండెను. మంచి నాటికయే మనసులో దిగును.

హాస్యనాటికకు ఒక కట్టుబాటు కలదు. ఏ వారపు కథ ఆ వారమే ముగియవలెను. మరుసటి వారమునకు అందరును ఎక్కడివా రక్కడనే యుండవలెను. సర్వము ఎన్ని పనులు చెడగొట్టినను వాని ఉద్యోగము పోదు. పోయినచో నాటికయే పోవును. అమృతరావు పన్నుగడల వలన ఆంజనేయులు ఎన్నిమారులు చిక్కులలో పడినను పొత్తు చెడదు. పడిన మాట మిగులదు, తిన్న దెబ్బ మిగులదు, కోపము పాలపొంగువలె లేచి అణగును. ఇట్లు మూడువందల పదుమూడు మారులు చూచిన కుర్రవానికి, కొలువన నిట్టిదే గాబోలు, పళ్లెము జారుట యనగా ఒక నవ్వు, ఒక తిట్టు, మరునాడు మరల పని యని తోచుట వింత కాదు. ఆ సర్వరునకు అభయ మిచ్చినవాడు నాటకకర్త. చూచువాడు దానిని యజమాని యిచ్చిన అభయ మనుకొనుచున్నాడు.

మరియొక సంగతి. ఇట్టి నాటికలలో జీతముల దినము కనబడుట అరుదు, కనబడినను నవ్వుకొరకే. యజమాని తెలివితక్కువవాడు, నోటిదురుసువాడు, లోపల వెన్న. పాతకాలపు పగటివేషగాడు అమీను వేషమో పట్వారి వేషమో కట్టి గ్రామమధ్యమున నిలిచినపుడును జనులు నవ్విరి. కాని ఆ నవ్వులో అమీను చేతిలోని అధికారము మరుగుపడలేదు. వాడు ఏమి గుంజుకొనిపోవునో అందరికిని తెలిసియే నవ్విరి. నేటి కొలువు నాటికలో యజమానిని వెర్రివానిగా చూపి వాని అధికారమునే మాయము చేయుచున్నారు. వెర్రివాడు మనకేమి కీడు చేయగలడు?

ఈ భ్రమ టెలివిజనుతో పుట్టినదని మేము చెప్పము. మన నల్లగొండ, పాలమూరు సీమలలో దీనికి ముత్తాతవంటి మాట యొకటి కలదు: “ఇంటిమనిషి.” జీతగానిని గూర్చి దొరలును పెద్దరైతులును తరతరములుగా చెప్పిన మాట యిది. “మావాడు ఇంటిమనిషివలె ఉండును” అనెడివారు. ఆ ఇంటిమనిషి అందరును తిన్నపిదప తినెను, పశువుల కొట్టములో పండుకొనెను, తండ్రి తీసికొనిన అప్పునకు తాను చాకిరి చేసెను. చుట్టరికపు పిలుపు ఎంత తీయనిదో జీతపు లెక్క అంత చీకటిలో నుండెను. వెట్టిని మాన్పుటకు ఆంధ్రమహాసభవారు 1930, 40 దశకములలో ఎంత పెనుగులాడిరో, దాని వెనుక నల్లగొండ పల్లెలు ఎంత నెత్తురు ధారవోసినవో ఈ జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టము వచ్చెను. ఇన్నియు వచ్చినను “ఇంటిమనిషి” అను మాట చావలేదు. దేశమందలి ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిన పాలమూరు కూలీల గుంపులలో మేస్త్రీయును “అన్న”యే. ముందు బయానా యిచ్చి పిదప లెక్క చెప్పని అన్న.

ఇపుడా మాట ఇంగ్లీషు చదివినది. పెద్ద కంపెనీలలో చేరిన మొదటి దినముననే “మనమంతా ఒక కుటుంబము” అని చెప్పుదురట. 2023లో మహబూబునగరు నొద్ద దివిటిపల్లిలోను నల్లగొండ పట్టణములోను ఐటీ టవర్లు వెలసినవి. మన పిల్లలకు ఊరి చెంతనే కొలువు దొరకునని మేమును సంతసించితిమి. అదే సంవత్సరపు జనవరిలో గూగుల్ సంస్థ ప్రపంచమంతటను పండ్రెండువేల మందిని తొలగించుచున్నట్లు ప్రకటించెను. అమెరికాలో అనేకులకు ఆ సంగతి తెల్లవారుజామున వచ్చిన ఈమెయిలు వలన తెలిసినది. హెచ్-1బి వీసాపై నున్న మన తెలుగువారికి కొలువు పోయిన నాటినుండి మరియొకటి వెదకికొనుటకు అరువది దినముల గడువు. తెల్లవారుజామున ఉత్తరము వ్రాసి బిడ్డలను వెళ్లగొట్టు కుటుంబము లోకములో ఎక్కడనైనను కలదా? కంపెనీకి లెక్కలు కలవు, ఆ లెక్కలప్రకారము అది చేసినది. దానిని కుటుంబ మనుకొన్నవారే మోసపోయిరి.

సర్వరు సంగతికి వత్తము. యజమానికి కోపము వచ్చుటయు, నష్టము కోరుటయు తప్పని మే మనము. అయితే పనివానికి కారణము చెప్పుకొనుటకు అవకాశ మీయక పగిలిన సామానునకై జీతము కోయరాదని 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టములోనే యున్నది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన వేతనస్మృతిలోను ఆ నియమము కలదు. కోతలన్నియు కలిసి జీతములో సగమును మించరాదనియు, తొలగించినవానికి రావలసినది రెండు పనిదినములలో చెల్లింపవలెననియు కలదు. ఆరు మాసములు ఎడతెగక పనిచేసినవానిని సరియైన కారణము లేక, ఒక మాసపు నోటీసుగాని ఆ మాసపు జీతముగాని ఈయక తొలగింపరాదని దుకాణములు, సంస్థల చట్టము 1988 నుండియు చెప్పుచున్నది. ఇన్ని రక్షణలుండియు మన కుర్రవాడు ఒంటరివాడయ్యెను. తాను అచ్చట పనిచేసితినని నిరూపించుటకే వానికి సాక్ష్యము దొరకుట లేదు. తోటి సర్వర్లు సాక్ష్యము చెప్పరు. వారును తమ్ములే గదా.

స్త్రీల విషయమున ఈ నవ్వు మరింత చేదైనది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో “జబర్దస్త్” అను హాస్యప్రదర్శనము ఆరంభమయ్యెను. చిన్న పట్టణములనుండి వచ్చిన పేద కళాకారులకు అది అన్నము పెట్టినది, పేరు తెచ్చినది. ఆ మేలును మేము కాదనము. కాని స్త్రీవేషము ధరించిన పురుషుని దేహమును, లావును, నలుపును, నడకను ఎత్తిచూపి నవ్వించుట దానిలో నిత్యకృత్యమైనది. విచిత్ర మేమన, ఆ యేడే మన పార్లమెంటు పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకై చట్టము చేసెను. రాజస్థానపు భన్వరీదేవికి జరిగిన ఘోరమునుండి పుట్టిన విశాఖ వ్యాజ్యములో 1997న సుప్రీంకోర్టు మార్గదర్శకములు చెప్పగా, అవి శాసనమగుటకు పదునారేండ్లు పట్టినది. ఒకే సంవత్సరమున ఒకవైపు ఆ శాసనమును, ఒకవైపు ఈ ప్రదర్శనమును! ఏది మన యిండ్లలో నాటుకొన్నదో చెప్పుటకు వకీలు అక్కరలేదు.

మహబూబునగరులో ఒక దుకాణమున పనిచేయు బాలిక మా తోటి సేవకురాలితో చెప్పిన మాట యిది. తోటి పనివాడు ఉదయము ఆమె అడుగుపెట్టగనే ఒక హాస్యప్రదర్శనములోని మాటను ఆమె నడకకు అన్వయించి పలుకును, తక్కినవారు నవ్వుదురు, పనివారి ఫోను గుంపులో ఆ తునకనే మరల పంపుదురు. మొదటి వారము తానును నవ్వినదట. నవ్వకున్నచో గర్వమందురని నవ్వినది. మూడవ మాసమున మేనేజరుతో చెప్పుకొనగా, “అది కామెడీ అమ్మా, లైట్ తీసుకో” అని ఆయన సెలవిచ్చెను. ఈ “లైట్ తీసుకో” అను మాటను కనిపెట్టినవాడెవడో గాని, ఫిర్యాదును ఇంత తక్కువ ఖర్చుతో కొట్టివేయు న్యాయస్థానము మరియొకటి లేదు.

2013 చట్టమున “అవాంఛితము” అను మాటయే ప్రాణము. తాకుట యొక్కటే వేధింపు కాదు. లైంగిక భావముగల మాటయు వేధింపే. పలికినవాడు హాస్యమునకే పలికితి ననుట చాలదు. విన్నయామెకు అది ఇష్టమా యని చూడవలెను. పదిమందియు అంతకు మించియు పనిచేయుచోట ఆంతరంగిక కమిటీ యుండవలెను; లేకున్నచో ఏబదివేల రూపాయలవరకు జుల్మానా. పదిమందికి తక్కువైన దుకాణములవారు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. గడువు మూడు మాసములు. తగిన కారణమున్న మరి మూడు మాసములు. మా సోదరి యడుగగా, ఆ బాలికకు గాని మేనేజరునకు గాని అట్టి కమిటీ యొకటి యున్న దను మాటయే తెలియదు. ఈ అజ్ఞానము వారిదే కాదు. ఈ చట్టము అమలులో లోపములను 2023 మే మాసమున సుప్రీంకోర్టే ఎత్తిచూపెను. 2024 డిసెంబరున, ప్రతి జిల్లాకు అధికారిని నియమించి స్థానిక కమిటీలు వేయుడని రాష్ట్రములకు గడువు పెట్టి మరల ఉత్తరువు చేయవలసి వచ్చెను. చట్టము పుట్టిన పదునొకండు సంవత్సరములకు!

మన పట్టభద్రులు తెలుగు నాటికలతోనే తనివి నొందుట లేదు. అమీరుపేట హాస్టళ్లలో కంప్యూటరు కోర్సులు నేర్చువారు రాత్రులందు ఫోనులో అమెరికా నాటికలు చూచి ఇంగ్లీషును, దానితోపాటు ఆఫీసు మర్యాదలను అభ్యసించుచున్నారు. “ది ఆఫీస్” అను నాటిక 2001లో ఇంగ్లండున పుట్టి, 2005 నుండి 2013 వరకు అమెరికాలో నడిచెను. అందులో జిమ్ అను ఉద్యోగి, వేరొకనితో వివాహము నిశ్చయమైయున్న పామ్ అను తోటి ఉద్యోగినిపై ఏండ్లతరబడి మనసు పెట్టుకొని తుదకు ఆమెను పొందును. రచయిత ఆమె హృదయమును ముందుగనే మనకు చూపినాడు గనుక ఆ నిరీక్షణ ముచ్చటగా నుండును. గచ్చిబౌలిలో ఎదుటి బల్లవద్ద కూర్చున్న యువతి హృదయమును ఏ రచయితయు చూపలేదు. ఆమె వలదన్నచో వలదనియే. దానిని మూడవ సంవత్సరపు కథకు పీఠికగా భావించువాడు ఒకనాడు కమిటీ ముందర నిలువవలసి వచ్చును.

ఇంతకంటె విచిత్రమైనది “ఫ్రెండ్స్” నాటిక వెనుక జరిగిన వ్యాజ్యము. ఆ నాటిక 1994 మొదలు 2004 వరకు నడిచినది. దానికి హాస్యము కల్పించుటకై రచయితలు కూర్చుండు గది యుండెను. వారి పలుకులను టైపు చేయుటకు ఒక మహిళను నియమించిరి. నాలుగు మాసములకే టైపు చాలదని ఆమెను తొలగించిరి. ఆ గదిలో తాను నిత్యము వినవలసి వచ్చిన అసభ్యపు మాటలును చేష్టలును వేధింపేయని ఆమె న్యాయస్థానమున కెక్కెను. అవి ఆమెను ఉద్దేశించినవి కావనియు, ప్రౌఢులకై అట్టి హాస్యము వ్రాయు గదిలో అట్టి మాటలు దొరలుట సహజమనియు తలచి కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము 2006లో ఆమెకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. తీర్పు మంచిచెడ్డల చర్చ అటుంచుడు. పదేండ్లలో ఎవరును ఎవరిని విడువని ఆరుగురు మిత్రుల కథను వ్రాయు గదిలో, ఆ కథను టైపు చేసినయామె నాలుగు మాసములు నిలువలేకపోయెను. నవ్వును తయారుచేయుచోటును ఒక కొలువే. అక్కడను జీతము, అక్కడను తొలగింపు.

“నాటకము చూచి ఎవడు చెడును? అంత మాత్రమునకు ఇంత గగ్గోలా?” అని మా మిత్రులు కొందరు పరిహసించిరి. వారికి ఒక సంగతి జ్ఞప్తి చేయుదుము. టెలివిజను మన సీమకు వినోదముగా రాలేదు, ఉపాధ్యాయునిగా వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు ఒక యేడు నడిచిన ఉపగ్రహ బోధనా ప్రయోగములో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు పెట్టెలు పంచినపుడు, మన మహబూబునగరు జిల్లాయు అందులో నుండెను. సాయంకాలము గ్రామస్థులు గుమిగూడి సేద్యము, ఆరోగ్యము, చదువు మొదలగు విషయములు చూచిరి. ఆ పెట్టె నేర్పునని నమ్మియే ప్రభుత్వము అంత ధనము వెచ్చించినది. ఎరువుల సంగతి నేర్పగల పెట్టె, యజమాని సంగతి మాత్రము నేర్పదా?

ఇందులకై నాటికలను నిషేధింపుడని మేము కోరము. నిషేధపు రుచి ఈ సీమ పత్రికలు చాలకాలము చవిచూచినవి. అమృతమును మేమును చూచుచున్నాము, ఇకముందును చూతుము. మేము కోరునది స్వల్పము. మన పట్టణములందలి పఠనమందిరములలో ఎన్నో ప్రకటనలు గోడకు వ్రేలాడుచున్నవి. వాని ప్రక్కన నియామకపత్రపు నమూనా యొకటియు, ఆయా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయు చిరునామాయు తెలుగులో పెద్ద అక్షరములతో అంటింపుడు. జిల్లాలు 2016లో విడిపోయినవి గనుక నల్లగొండ చిరునామా సూర్యాపేటవారికి పనికిరాదు, మహబూబునగరుది వనపర్తివారికిని నాగరుకర్నూలువారికిని పనికిరాదు, విచారించి వ్రాయవలెను. కొలువునకు పోవు పిల్లలు నెలకొకమారు కూడినచో, న్యాయవాదులలో ఒకరు వచ్చి గంటసేపు మాటలాడుదురు. మా పేరు మొదట వ్రాసికొనుడు. ఆ సభలో అమృతము భాగ మొకటి వేసి నవ్వినను మాకు అభ్యంతరము లేదు. నవ్విన పిదప, సర్వమునకు ఈ మాసపు జీతము ముట్టినదా యని పిల్లల నడుగుడు.

దేవరకొండ యువకుని పక్షమున నోటీసు సిద్ధపరచితిమి. చదివి వినిపింపగా అంతయు శ్రద్ధతో వినెను. అంకెలు సరిచూచెను. తుదకు ఒక్క మార్పు కోరెను: యజమాని పేరునకు చివర “అన్న” అని చేర్పవచ్చునా యని. చట్టపు కాగితములో అది చెల్లదని చెప్పి “గారు” అని వ్రాసితిమి. అందులకు వాడు ఒప్పుకొని సంతకము చేసెను. నోటీసు రిజిస్టరు టపాలో పోయి పండ్రెండు దినములైనది. యజమాని అందుకొన్నట్లు రసీదు వచ్చినది, జవాబు మాత్రము రాలేదు.